జంపని నుంచి రేపల్లె దాకా ఎనిమిది నిముషాలు

నలభై మూడేళ్ళ వయసులో నాకు విమానం నడిపే లైసెన్సు వచ్చింది. సొంత సరదాకు నడుపుకునే లైసెన్సు, ఉద్యోగానికి పనికొచ్చేది కాదు. నేను తెనాలిలో పళ్ళ డాక్టర్ని. పద్దెనిమిదేళ్ళుగా ఒక చిన్న గదిలో, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, ఎదుటివాళ్ళ నోళ్ళలోకి వంగి చూస్తూ బతికాను. ఆ గదికి కిటికీ ఉంది కానీ ఏసీ పెట్టినప్పుడు దాన్ని మూయించేశాం. మధ్యాహ్నం పూట ఒక్కోసారి పేషెంటు నోరు తెరుచుకుని ఉండగానే నాకు ఊపిరి ఆడనట్టు ఉండేది. రెండు నిముషాలు బయటికి వెళ్ళి, కాలవ గట్టు మీద నిలబడి మళ్ళీ వచ్చేదాన్ని. కృష్ణా నదికి అవతల ఉన్న విమానాశ్రయంలో ఫ్లయింగ్ క్లబ్బు ఉందని, నా వయసు వాళ్ళకూ నేర్పుతారని తెలిసిన రోజున ఇంట్లో ఎవరినీ అడగకుండా వెళ్ళి పేరు రాయించుకున్నాను.

నేర్చుకున్నంతకాలం పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టరు గారు ఉండేవారు. ఆమెదీ నా వయసే. తక్కువ మాట్లాడే మనిషి. ఎటు పోవాలో, ఎప్పుడు తిరగాలో, మబ్బు ఎంత దూరంలో ఉందో అన్నీ ఆమె చూసుకునేవారని నాకు అప్పుడు తెలియలేదు. అన్నీ నేనే చేస్తున్నాననుకున్నాను. లైసెన్సు చేతికొచ్చి, ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్ళాలని కూర్చున్నప్పుడు అసలు సంగతి అర్థమైంది. దారి ఎలా వేసుకోవాలో నాకు రాదు.

సలహాలకు కొదవ లేదు. ఇంటర్నెట్ నిండా వీడియోలే. అవన్నీ విదేశాల వాళ్ళవి. అక్కడ ఏదో నంబరుకు ఫోన్ చేస్తే దారి పొడవునా గాలి ఎటు వీస్తోందో, వాన ఎక్కడుందో మనిషి చదివి వినిపిస్తాడట. మన దగ్గర విమానాశ్రయం వాతావరణం వివరంగా దొరుకుతుంది. కానీ అది ఆ విమానాశ్రయం చుట్టూ కాస్త దూరానికే. తెనాలి మీద మబ్బు ఎంత ఎత్తులో ఉందో, బాపట్లలో సముద్రం వైపు నుంచి ఏం వస్తోందో చెప్పే కాగితం ఏదీ లేదు. పైలట్లకు హెచ్చరికలిచ్చే నోటీసులు ఉంటాయి గాని, వాటి భాష కొత్తవాళ్ళకు మందుల చీటీ మీద గొలుసుకట్టు రాతలా ఉంటుంది. క్లబ్బులో పాతవాళ్ళను అడిగితే "మీకే అలవాటవుతుందండి" అన్నారు.

అప్పుడు ఒక యాప్ దొరికింది. టాబ్లెట్ తెర మీద విమానాశ్రయం దగ్గర ఒక చుక్క, తెనాలి మీద ఒక చుక్క, బాపట్ల మీద ఒక చుక్క పెడితే చాలు, మధ్యలో గులాబీ రంగు గీత వచ్చేస్తుంది. ఎన్ని నిముషాలు పడుతుందో, ఎంత పెట్రోలు కావాలో, విమానం ముక్కు ఎన్ని డిగ్రీలకు తిప్పాలో అదే లెక్క కడుతుంది. మనం గాలిలో ఉన్నప్పుడు ఆ గీత మీద చిన్న విమానం బొమ్మ కదులుతూ ఉంటుంది. ఆ బొమ్మను గీత మీదే ఉంచితే ఊరు వచ్చేస్తుంది. నాకు ఇంకేం కావాలి?

మా మామయ్య, అంటే అమ్మకు తమ్ముడు, రైలింజను డ్రైవరుగా రిటైరయ్యారు. ఉద్యోగం మొదట్లో బాపట్ల రైల్వే క్వార్టర్సులో ఉన్నారు. నాకు లైసెన్సు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే పోరు.

"ముప్పై ఆరేళ్ళు ఆ పట్టాల మీద కూర్చుని ముందుకే చూశానే అమ్మాయ్. పైనుంచి ఎట్టా ఉంటదో ఒక్కసారి చూపించు, చాలు."

"బాపట్ల ఊరి దాకా వెళ్ళలేం మామయ్యా. ఆ తీరం పైన ఆకాశం మిలిటరీ వాళ్ళది. ముందు స్టేషను అప్పికట్ల దాటాక తిప్పేసుకోవాలి."

"అప్పికట్ల చాలమ్మా. అక్కణ్ణించి సిగ్నలు కనపడితే చాలు నాకు."

అక్టోబరు నెలాఖరులో ఒక ఆదివారం పొద్దున ఆయన్ను తీసుకుని క్లబ్బుకు వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని వచ్చారు. ఇన్‌స్ట్రక్టరు గారు విమానం చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను పక్కకు పిలిచారు.

"దారి కాగితం మీద రాసుకున్నారా?"

"టాబ్లెట్‌లో ఉందండి. మొత్తం వేసుకున్నాను."

"టాబ్లెట్ గురించి కాదు నేనడిగింది."

"రాస్తానండి" అన్నాను. రాయలేదు. మామయ్య అప్పటికే సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుని ఉన్నారు. ఆయన ముందు మ్యాపు పరుచుకుని, స్కేలు పెట్టి గీతలు గీస్తూ కూర్చోవడానికి నాకు నామోషీ అనిపించింది. రాసుకుంటే పది నిముషాల పని.

అది రెండు సీట్ల చిన్న విమానం. భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కింద నేల బాగా కనిపిస్తుంది. కృష్ణ దాటాక రైలు పట్టాలు దొరికాయి. దుగ్గిరాల మీదుగా తెనాలి వైపు పోతుంటే మామయ్య ఒక్కో స్టేషనూ పేరుపెట్టి పిలిచారు. ఆకాశం శుభ్రంగా ఉంది. ఎండ అద్దంలోంచి నేరుగా మా ఒళ్ళోకి పడుతోంది. టాబ్లెట్ నా తొడకు పట్టీతో కట్టి ఉంది. అది వేడెక్కుతోందని తెలుస్తూనే ఉంది, బట్టల్లోంచి చర్మానికి చురుక్కుమంటోంది. పట్టించుకోలేదు.

తెనాలి మీద మామయ్య మా వీధి చూపించమన్నారు. రెక్క వంచి రెండు చుట్లు తిప్పాను. మూడు కాలవలు, రైల్వే స్టేషను, మార్కెట్టు కప్పులు గిరగిరా తిరిగాయి. మా ఇల్లు ఎక్కడో నాకే కనపడలేదు. తల ఎత్తేసరికి దక్షిణాన తెల్లగా ఉండాల్సిన చోట బూడిద రంగు గోడ ఉంది. సముద్రం మీంచి మబ్బు వచ్చేసింది. దాని అంచు మా ఎత్తుకంటే కిందికే ఉంది. కింది నుంచి వెళ్ళిపోదామని విమానాన్ని దించాను. రెండు వేల అడుగుల నుంచి పన్నెండు వందలకు, అక్కణ్ణించి వెయ్యికి.

టాబ్లెట్ వైపు చూస్తే తెర నల్లగా ఉంది. మధ్యలో ఎర్రటి థర్మామీటరు బొమ్మ. చల్లారేదాకా పనిచేయదని రాసి ఉంది.

గులాబీ గీత పోయింది. చిన్న విమానం బొమ్మ పోయింది. డిగ్రీలన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఒక్క అంకె కూడా నా తలలో లేదు. దక్షిణంగా వెళ్ళాలని మాత్రమే తెలుసు. అప్పుడు కిందుగా ఊరి అంచు నుంచి దక్షిణానికి పోతున్న రైలు పట్టా కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పట్టా పట్టుకుంటే బాపట్ల రాక ఎక్కడికి పోతుంది?

మూడు నాలుగు నిముషాలు పోయాక మామయ్య నా భుజం తట్టారు. ఇద్దరం చెవులకు హెడ్‌సెట్లు పెట్టుకున్నాం కాబట్టి ఆయన గొంతు నా చెవిలోనే మాట్లాడినట్టు వినిపించింది.

"ఇది ఒకటే పట్టా అమ్మాయ్."

"అయితే ఏంటి మామయ్యా?"

"బాపట్ల లైను మీద రెండు పట్టాలకు తక్కువ ఉండవు. అదిగో ఆ షెడ్లు చూడు, జంపని చక్కెర ఫ్యాక్టరీ. మనం రేపల్లె లైను మీద ఉన్నాం."

కింద రేకుల షెడ్లు, పొడుగాటి గొట్టం కదిలిపోయాయి. ఆయన చెప్పింది నిజమని ఆ క్షణాన్నే నాకు తెలుసు. తెనాలి నుంచి దక్షిణానికి రెండు లైన్లు చీలతాయి. ఒకటి నైరుతిగా బాపట్లకు, ఒకటి ఆగ్నేయంగా రేపల్లెకు. కాలేజీ రోజుల్లో ఆ రేపల్లె ప్యాసింజరు ఎన్నిసార్లు ఎక్కలేదు నేను? నా ముందున్న దిక్సూచి నూట నలభై దగ్గర ఆడుతోంది. అది ఆగ్నేయం. చదువుకున్న మనిషిని, అది నాకు తెలియదా? అయినా నా నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"మామయ్యా, కాసేపు మాట్లాడకు. నన్ను నడపనీ."

ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాతి నిముషాల గురించి చాలాసార్లు ఆలోచించాను. మబ్బు నెత్తిమీదికి వచ్చింది. ఎనిమిది వందల అడుగులు. వరిచేలు, చేపల చెరువులు దగ్గరగా జరుగుతున్నాయి. కుడిపక్కకు తిరిగి బాపట్ల వైపు పోదామంటే అటు వాన కాళ్ళు దిగి ఉన్నాయి, ఆ వెనక వెళ్ళకూడని ఆకాశం ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తెనాలి లేదు. మేం వచ్చిన దారి మీద వాన తెర వాలిపోయింది. పైకెక్కితే మబ్బులోకి పోతాం. మబ్బులో విమానం నడపడం నాకు రాదు, అందులో కొత్తవాళ్ళు ఎంతసేపు బతుకుతారో చదివి ఉన్నాను. ముందు సముద్రం. పట్టా ఒక్కటే ఉంది కళ్ళముందు. దాన్నే పట్టుకుని పోతూ ఉన్నాను. అది రేపల్లె పట్టా అని తెలిసి కూడా, వంపు తిరుగుతుందేమో, ఎక్కడో ఇంకో లైను కలుస్తుందేమో అని వెతుకుతున్నాను. అక్కడ ఇంకో లైను లేదని పుట్టినప్పటి నుంచీ తెలుసు.

రేడియో బటను నా బొటనవేలి కిందే ఉంది. నొక్కితే విమానాశ్రయం కంట్రోలరు పలుకుతాడు. నొక్కితే ఏమని చెప్పాలి? తెనాలిలో పుట్టి పెరిగిన దాన్ని, తెనాలి దగ్గరే దారి తప్పానని చెప్పాలి. క్లబ్బులో ఆ ఫ్రీక్వెన్సీ అందరూ వింటూ ఉంటారు. ఇన్‌స్ట్రక్టరు గారూ వింటూ ఉంటారు. వేలు బటను మీదికి వెళ్ళడం, వెనక్కి రావడం. కాళ్ళు చాపుకోవడానికి చోటు లేదు, బెల్టు పొట్టకు కోసుకుంటోంది. అద్దాలకు లోపలి నుంచి ఆవిరి పట్టడం మొదలైంది. తలుపు తీసుకుని బయటికి వెళ్ళి గట్టు మీద నిలబడే వీలు లేని గది అది.

మామయ్య మాత్రం ఊరుకోలేదు. వెనక ఉన్న నా చేతిసంచి అతికష్టం మీద లాగి ఫోను తీసి మ్యాపు తెరిచారు. ఆ ఎత్తులో ఇంటర్నెట్ అందలేదు. బూడిద రంగు గళ్ళ మధ్య నీలం చుక్క ఒకటి కనిపించింది. దాని చుట్టూ ఊళ్ళు లేవు, రోడ్లు లేవు. దాన్ని నాకు చూపించి, మళ్ళీ సంచిలో పెట్టేశారు.

అప్పుడు పట్టా అయిపోయింది.

స్టేషను ప్లాట్‌ఫారాలు, ఆగి ఉన్న పెట్టెలు, వాటి తర్వాత ఏమీ లేదు. ఇళ్ళు, కొబ్బరిచెట్లు, ఆ తర్వాత మబ్బులో కలిసిపోయిన నేల. రేపల్లెలో రైలు ఆగిపోతుంది. ఇక పట్టుకోవడానికి ఏమీ లేదు. విమానాన్ని ఊరి మీద నెమ్మదిగా చుట్టు తిప్పాను.

"మామయ్యా, తప్పు చేశాను" అన్నాను.

"అది తర్వాత చూసుకుందాం. ఎడంపక్కన, తూర్పు దిక్కున కృష్ణ ఉంటది. పెనుమూడి రేవు. అక్కడ వంతెన ఉంది. ఏటిని పట్టుకుని పైకి పోతే బ్యారేజీ రాదా?"

అటు చూశాను. తూర్పున మబ్బు కింద సన్నగా వెలుతురు చార ఉంది. నీళ్ళ మెరుపు అవునో కాదో తెలియలేదు.

బటను నొక్కాను. ఆ వాక్యం ఇంగ్లీషులోనే చెప్పాలి. నా విమానం నంబరు చెప్పి, దారి తప్పాను, మబ్బు కింద ఉన్నాను, నాకు సాయం కావాలి అన్నాను. గరగర తప్ప ఏమీ వినపడలేదు. మళ్ళీ అదే మాట చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టమనిపించలేదు. అప్పుడు గరగర మధ్యలోంచి కంట్రోలరు గొంతు వచ్చింది. ఎక్కడో ఆఫీసులో ఫైలు గురించి అడిగినంత నిదానంగా అడిగాడు. నేల కనిపిస్తోందా? పెట్రోలు ఎన్ని గంటలకు ఉంది? కింద ఏ ఊరు?

"రేపల్లె" అన్నాను. పెట్రోలు మూడు గంటలకు ఉంది. అది మాత్రం ఇన్‌స్ట్రక్టరు గారు దగ్గరుండి నింపించారు.

నది వైపు వాన లేదనీ, విమానాశ్రయం దగ్గర ఎండగానే ఉందనీ చెప్పాడు. నది వెంట రమ్మన్నాడు. ఏటికి అడ్డంగా కరెంటు తీగలుంటాయి, ఏడు వందల అడుగులకు తగ్గొద్దన్నాడు. ప్రతి అయిదు నిముషాలకూ పలకరిస్తానన్నాడు.

ఏడు వందల యాభైలో పెనుమూడి వంతెన కనిపించింది. దాని కిందుగా ఏరు వెడల్పుగా, మట్టిరంగులో ఉంది. ఉత్తరానికి తిప్పాను. మామయ్య తన పని తాను మొదలుపెట్టారు. "తీగలు, ముందు, స్తంభం కుడిపక్క" అని పిలుస్తూ వచ్చారు. ఇంజను డ్రైవర్లు సిగ్నళ్ళు పైకి చెప్పుకుంటారట, పక్కవాడు మళ్ళీ అదే మాట అనాలట. నేను కూడా "తీగలు, ముందు" అని తిరిగి అన్నాను. ఇసుక తిన్నెలు, లంకల్లో అరటితోటలు, ఒడ్డున ఒక పడవ. కొల్లూరు దాటాక మబ్బు ఎత్తు పెరిగింది. ఇంకాస్త పైకి వచ్చాక ఉన్నట్టుండి ఎండ లోపలికి పడింది. నా ఒళ్ళో టాబ్లెట్ చల్లారి, దానంతటదే వెలిగింది. గులాబీ గీత నైరుతిలో ఎక్కడో ఉంది, మేం దానికి చాలా దూరంలో ఉన్నాం. దాన్ని బోర్లా తిప్పేశాను.

విమానం దించి ఇంజను ఆపాను. మామయ్య బెల్టు ఎలా తీయాలో మర్చిపోయి తడుముకుంటుంటే, నేనే వంగి తీశాను. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"భయపడ్డావా మామయ్యా?"

"పడకుండా ఎట్టా ఉంటానే? నువ్వు మాట్లాడొద్దన్నావు చూడు, అప్పుడు పడ్డాను."

ఇన్‌స్ట్రక్టరు గారు నన్ను గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తాగేదాకా ఆగారు. తిడతారనుకున్నాను.

"దారి తప్పారని మీకు ఎక్కడ తెలిసింది?"

"జంపని దగ్గరండి."

"రేడియోలో ఎక్కడ చెప్పారు?"

"రేపల్లె మీద."

"ఆ రెంటికీ మధ్య ఎంతసేపు?"

లెక్క వేశాను. "ఎనిమిది నిముషాలండి."

"ఆ ఎనిమిది నిముషాలూ ఏం చేశారు?"

"పట్టా చూస్తూ కూర్చున్నానండి" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆమె కాగితం తీసి ఏదో రాశారు. రెండు నెలలు ఒంటరిగా ఎగరకూడదు, తన పక్కన కూర్చుని దారి వేసుకోవడం మొదటి నుంచి నేర్చుకోవాలి. అదే శిక్ష. నాకు న్యాయంగానే తోచింది. కానీ మర్నాడు సోమవారం క్లినిక్కులో, మూసిన కిటికీ గదిలో నిలబడి ఉంటే మాత్రం ఇంకో రెండు నెలలు ఎలా గడుస్తాయా అనిపించింది.

ఆ రెండు నెలల్లో ఆదివారాలు బస్సెక్కి, స్కూటరెక్కి ఆ దారంతా నేల మీద తిరిగాను. వేమూరు, భట్టిప్రోలు, రేపల్లె. ఆ తర్వాత పొన్నూరు, బాపట్ల, ఈపురుపాలెం, వాడరేవు. పైనుంచి ఏది గుర్తుపట్టొచ్చో, ఏ రెండు కాలవలు ఒకేలా కనిపించి మోసం చేస్తాయో రాసుకున్నాను. ప్రతి చోటా, ఫోన్ చేస్తే ఆకాశం చూసి చెప్పే ఒక మనిషిని వెతికి పట్టుకున్నాను. రేపల్లెలో మా పిన్ని డాబా మీద బట్టలారేస్తూ కృష్ణ వైపు చూసి చెప్పగలదు. ఈపురుపాలెంలో ఒక నేత నేసే ఆయన, మగ్గానికి పడుగు నూలు బయట ఆరబెట్టుకునే మనిషి, వానను నా యాప్ కంటే ముందు పసిగడతాడు. వాడరేవులో వలలు బాగుచేసే ఆయన మొదట నన్ను అనుమానంగా చూశాడు.

"ఇమానం మీదా? నన్నడిగేదేంటమ్మా, మీకు మిషన్లు ఉంటయ్ గదా?"

"మిషన్లు మీ ఊరిని చూడటం లేదు బాబాయ్. మీరు చూస్తున్నారు గదా. మబ్బు సముద్రం మీద ఉందా, ఒడ్డుకు వచ్చిందా, అంతే చెప్పండి."

"అదెంత భాగ్యం? పొద్దున్నే ఫోన్ చెయ్యి" అని నంబరిచ్చాడు.

ఇన్‌స్ట్రక్టరు గారు నేర్పినవీ, నేను తిరిగి తెలుసుకున్నవీ కలిపి తెలుగులో నాలుగు కాగితాలు రాశాను. దిక్కులు, నిముషాలు, పెట్రోలు చేత్తో లెక్కగట్టే పద్ధతి, నోటీసుల్లో వచ్చే పొట్టి మాటలకు అర్థాలు, ఫోన్ నంబర్లు. పైన పెద్ద అక్షరాలతో ఒక ప్రశ్న రాశాను: ఎక్కడున్నారో తెలియకపోతే ఎన్నో నిముషంలో రేడియోలో చెబుతారు? ఆ పక్కన ఖాళీ వదిలాను. ఎగిరే ముందు ఎవరికి వాళ్ళు అంకె వేసి సంతకం పెట్టాలి. నాది రెండు.

ఇన్‌స్ట్రక్టరు గారు చదివి రెండు చోట్ల దిద్దారు. క్లబ్బు గోడకు వేలాడదీయించారు.

మొన్న ఫిబ్రవరిలో, కొత్తగా లైసెన్సు వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి పొద్దున ఏడింటికి నాకు ఫోన్ చేశాడు. భార్యను ఎక్కించుకుని తీరం వైపు బయల్దేరబోతున్నాడట. ఎప్పటినుంచో మాటిచ్చి ఉన్నాడట.

"మేడమ్, మీ వాడరేవు ఆయన పొగమంచు ఒడ్డెక్కిందంటున్నాడండి. యాప్‌లో మాత్రం అంతా క్లియర్‌గా ఉంది. ఏది నమ్మను?"

"ఆయన ఎక్కడున్నాడు ఇప్పుడు?"

"ఒడ్డునే ఉన్నానన్నాడండి."

"మీరు?"

"క్లబ్బులో."

ఫోనులో వెనకాల ఆయన భార్య ఏదో అడగడం, ఆయన ఆమెకు మెల్లగా సర్దిచెప్పడం వినిపించింది. ఆ రోజు వాళ్ళు ఎగరలేదు. తొమ్మిదింటికల్లా తెనాలిలో ఎండ బ్రహ్మాండంగా కాసింది. మధ్యాహ్నం ఆయన మళ్ళీ ఫోన్ చేసి, ఆదివారం అనవసరంగా పాడైపోయిందని, ఈపాటికి వెళ్ళొచ్చేవాళ్ళమని కాస్త నిష్ఠూరంగానే అన్నాడు. పొద్దున ఒడ్డున నిజంగా ఏముందో నేను చూడలేదు, ఆయనా చూడలేదు. "అవునండి, పాడైపోయింది" అన్నాను. ఆ సాయంత్రం వాడరేవుకు ఫోన్ చేసి, పొద్దున చెప్పినందుకు థాంక్స్ చెప్పాను.